ఎనిమిదో వార్డు హద్దు

పలాస,
11 ఆగస్టు 2025

వసంత వదినకి,

ఈ ఉత్తరం టీచరు భారతి అంగన్‌వాడీలో నీ చేతికిస్తుంది. ఇంటికి పంపలేదేమిటని అనుకోకు. ఫోన్ చేద్దామంటే నీ ఫోన్ అన్నయ్య చేతిలోనే ఎక్కువ ఉంటుంది. ఒకవేళ నువ్వే ఎత్తినా, నాన్న కోసం వచ్చి వరండాలో కూర్చున్న పదిమందీ చెవులు ఇటే పెడతారు. నువ్వు జవాబు రాసి భారతికే ఇవ్వు. మీటింగులకి పలాస వచ్చినప్పుడు తెచ్చిస్తానంది.

బడి ఉద్యోగం మానేసి ఇక్కడ ఒక చిన్న సంస్థలో చేరాను. ఏ పంచాయతీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ వార్డులో ఏ వీధి వస్తుందో ఊరివాళ్ళతో కలిసి నడిచి, వాళ్ళ చేతే గీయించి, పటం తయారు చెయ్యడం మా పని. నవ్వకు. జిల్లాకి పటం ఉంది, మండలానికి ఉంది. నీ వార్డు పటం నువ్వెప్పుడైనా చూశావా? ఎవరి దగ్గరా లేదు. మొన్నటిదాకా డొంకూరులో ఉన్నాం. అక్కడ హద్దు మీద మాట పెరిగితే సగంమంది ఒడియా భాషలోకి మారిపోయేవారు, మేం ఎవరి మొహం కోపంగా ఉందో చూసి అర్థం చేసుకునేవాళ్ళం. అయినా నెల తిరిగేసరికి వాళ్ళ పటం వాళ్ళే గీసుకున్నారు.

ఇప్పుడు మన పనసమెట్ట వంతు. ఒక్కచోట ఆగిపోయాం. ఇసకలపాలెం ఎవరిది? మండలం ఆఫీసు కాగితాల్లో అది పనసమెట్ట పంచాయతీ, ఎనిమిదో వార్డు. మన ఊళ్ళో అడిగితే రేవులపేట వాళ్ళదంటున్నారు. రేవులపేటలో అడిగితే మీదేనంటున్నారు. డెబ్బై ఇళ్ళ ఊరు మధ్యలో ఎలా వేలాడుతుంది?

నాన్న పదేళ్ళు ప్రెసిడెంటుగా చేసిన పంచాయతీ. రిజర్వేషన్ మారాక పేరుకి అప్పన్న ప్రెసిడెంటు అయినా, కాగితాలన్నీ ఇప్పటికీ నాన్న చూశాకే కదలాలి. ఆయన్ని అడిగితే ఏం చెబుతారో నాకు తెలుసు. అందుకని నిన్ను అడుగుతున్నాను. ఎనిమిదో వార్డు మెంబరువి నువ్వేకదా. నీ వార్డు ఎక్కడిదాకా వదినా?

జవాబు కోసం చూస్తుంటాను.

సుధారాణి

*

పనసమెట్ట,
20 ఆగస్టు

సుధా,

నీ ఉత్తరం భారతి కోడిగుడ్ల అట్టల కింద పెట్టి ఇచ్చింది. అక్కడే చదివీసి అక్కడే చింపీసాను. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. మావయ్యకి బీపీ మాత్రలు మార్చారు.

నువ్వు రాసిందంతా చదివాక నాకు ఒకటే అనిపించింది. ఇదంతా ఎవరి కోసం? మీకు ఈ పని చెప్పినవాళ్ళు ఎవరు? ఆ పటం రేపు ఎవరి చేతికి వెళ్తుంది? ఇక్కడ జనం ఎలాగ ఉన్నారో నీకు తెలీదు. విమానాశ్రయం వస్తాదని, తోటలు పోతాయని పుకారు. ఫోన్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డ ప్రతివాడూ భూమి కొలవడానికొచ్చినవాడే వీళ్ళకి. మొన్న కరెంటు మీటర్లు చూడ్డానికొచ్చిన మనిషిని గంటసేపు కూర్చోబెట్టీసి, వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాకే వదిలారు.

మావయ్య అన్నం తింటూ అడిగారు. "సుధ పాలెంలో తిరుగుతోందంట. ఎవుల కోసం కొలుత్తంది?" అని. నాకేటీ తెలీదన్నాను. మీ అన్నయ్య నా మొహంకేసి చూసాడు. నిజంగానే తెలీదు కాబట్టి అప్పుడు భయం వెయ్యలేదు. ఇప్పుడు తెలిసింది. ఇకనుంచి వేస్తాది.

నువ్వు పాలెం మూడుసార్లు వచ్చావంట. బైరాగి పెళ్ళాం పెద్దతల్లి ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగి వెళ్ళావంట. మన గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు నాతో పని పడింది కాబట్టి వదిన గుర్తొచ్చింది.

పాలెం సంగతి నాకు తెలీదు. నేను మెంబరునన్న మాటే గాని, మీటింగుకి ఎన్నిసార్లు వెళ్ళానో వేళ్ళ మీద చెప్పగలను. కుర్చీ చూపిస్తారు, టీ ఇస్తారు, పంపించీస్తారు. సెక్రటరీని అడుగు. అప్పన్నని అడుగు.

వసంత

*

పలాస,
31 ఆగస్టు

వదినా,

నిన్ను నొప్పించాను. గుమ్మం తొక్కకపోవడం తప్పే. వస్తే నాన్న అడుగుతారు, నేను జవాబు చెప్పాలి, అక్కడితో ఈ పని ఆగిపోతుంది. అందుకే రాలేదు. పటం ఎవరి కోసమని అడిగావు. దాని ప్రతి ఒకటి పంచాయతీ గోడ మీద ఉంటుంది, ఒకటి పాలెం వాళ్ళ దగ్గర ఉంటుంది. భూముల సర్వే నంబర్లు మేం రాసుకోం. ఇదే మాట పాలెంలో నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ తలూపారు గానీ నమ్మలేదు.

గురువారం ఏం జరిగిందో చెబుతాను. పెద్దతల్లి వాకిట్లో ఆడవాళ్ళు పదిహేనుమంది చేరారు. ముగ్గుపిండితో ఊరిని గీశారు. చేపలు ఎండబెట్టే చోటు, బోరు, అమ్మవారి గుడి, జీడితోటలు అన్నీ వచ్చాయి. హద్దు దగ్గర చెయ్యి ఆగిపోయింది. గున్నయ్య అని ముసలాయన ఉన్నాడు, పాలెంలో అందరికన్నా పెద్దవాడు. జంట కొబ్బరిచెట్ల దగ్గర పనసమెట్ట ఆగిపోతుందని కొందరంటే ఆయన ఒప్పుకోలేదు. "ఆ సెట్లు తిత్లీ తుఫానుకి పడిపోనాయి. సెట్టు పడిపోతే ఊరు పడిపోద్దేటి? పనసమెట్ట రేవు దారి దాకా. మా అయ్య నన్ను భుజాన ఎక్కించుకుని సూపించినాడు" అన్నాడు. కర్ర పట్టుకుని ముందు నడిచాడు. ఆయన వెనక మేమందరం, ఫోన్‌లో గుర్తులు పెట్టుకుంటూ.

సరుగుడు తోట దగ్గర నీళ్ళ గొట్టం కనిపించింది. మంచినీళ్ళ పథకం గొట్టం మన ఊరి చివరి ఇంటిదాకా వచ్చి, ఆ తోట మొదట్లో మూతేసి ఆగిపోయింది. అక్కడినుంచి పాలెం మొదటి ఇంటికి ఎంత దూరమో నీకు తెలుసా? రెండువందల అడుగులు. నేను వేసి చూశాను. వాళ్ళు ఇంకా ఆ బోరునీళ్ళే తాగుతున్నారు. పెద్దతల్లి మొగుడు బైరాగికి కిడ్నీలు పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస ఆసుపత్రికి తెస్తున్నారు. నీళ్ళవల్లే వచ్చిందని డాక్టర్లు కూడా తేల్చి చెప్పరు. కానీ అతనికి ఆ బోరు నీళ్ళ చెంబు ఇచ్చేముందు ఆమె ప్రతిసారీ ఒకసారి దాన్లోకి చూస్తుంది.

"మాది ఏ ఊరమ్మా?" అని అడిగింది. "కుళాయి కావాలంతే రేవులపేట పొమ్మంతారు. వీధిలైటు కావాలంతే పనసమెట్ట పొమ్మంతారు. మనిషి సచ్చిపోతే ఆ కాగితానికి కూడా రెండూల్లూ తిరగాల."

అప్పుడే అన్నయ్య బండి మీద వచ్చాడు. నన్నేమీ అనలేదు. గున్నయ్యతో, "ఏం తాతా, ఎండలో తిరుగుతన్నావు, పడిపోతావు" అన్నాడు. అంతే. ఐదు నిమిషాల్లో అందరూ వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే మిగిలాను.

వదినా, పాలెం మనది కాదని ఎక్కడో ఒక కాగితం రాసుకుని ఉంటారు. లేకపోతే ఆ గొట్టం అక్కడ ఆగదు. పంచాయతీ తీర్మానాల పుస్తకం నాన్న బీరువాలో ఉంటుందని మనిద్దరికీ తెలుసు. ఒక్కసారి తీసి చూడగలవా?

సుధ

*

పనసమెట్ట,
9 సెప్టెంబరు

సుధా,

బీరువా తాళం మావయ్య మొలతాడుకి ఉంటాది. నా చేతిలో ఉన్నా నేను తియ్యను. పుస్తకం మన ఇంట్లో లేదు. సెక్రటరీ దగ్గరుంటాది. నువ్వు అడిగావు కాబట్టి ఇంట్లో చూసాను, లేదు.

మీ అన్నయ్య ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "చెల్లెలని ఊరుకున్నాను. ఇంకొకర్ని అయితే పాలెం దాటనిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. మావయ్య మాత్రం నవ్వారు. "గీసుకోనీ. ముగ్గే కదా" అన్నారు. ఆ నవ్వుకే నాకు ఎక్కువ భయం వేసింది.

నన్ను ఈ గొడవలోకి లాగకు. ఎప్పుడో శ్రావణ శుక్రవారంనాడు పెట్టిన మీటింగులో ఎవరు ఏటి రాసుకున్నారో, ఎవరు ఎక్కడ సంతకం పెట్టారో నాకెలాగ తెలుస్తాది? నాకు ఇద్దరు పిల్లలు, ఇంటినిండా పని. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఇప్పుడు హద్దులు, పటాలు అంటే మంచిది కాదు.

కొన్నాళ్ళు రాయకు.

వసంత

*

పలాస,
18 సెప్టెంబరు

పనసమెట్ట పంచాయతీ ఎనిమిదో వార్డు సభ్యురాలు శ్రీమతి వసంత గారికి,

మీటింగు జరిగిందని నేను రాయలేదు. శ్రావణ శుక్రవారమని అంతకన్నా రాయలేదు. మీరే రాశారు.

పెద్దతల్లి పేరున జులైలో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టించాం. మూడురోజుల కిందట నకలు వచ్చింది. 2022 ఆగస్టు అయిదు, శుక్రవారం. "ఇసకలపాలెం గ్రామం పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా రేవులపేట పంచాయతీ పరిధిలో ఉండదగినదిగా భావించి, ఇకపై ఈ పంచాయతీ నుంచి అక్కడ ఏ పనీ చేపట్టరాదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఆ కాగితంతో హద్దు మారదు. పైనుంచి ఉత్తర్వు రావాలి, అది రాలేదు. ఇప్పటికీ పాలెం పనసమెట్టదే. కానీ కుళాయి ఆపడానికి ఆ కాగితం సరిపోయింది.

కింద తొమ్మిది సంతకాలు. ఆరోది మీది. అంతవరకే అయితే ఇలా రాసేదాన్ని కాదు. ప్రతిపాదించిన వారు: ఎనిమిదో వార్డు సభ్యురాలు.

తన వార్డు తనది కాదని తానే ప్రతిపాదించిన మెంబరుని నేను ఇంతవరకు చూడలేదు. మీ వార్డు ఎక్కడిదాకా అని అడిగాను. నాకేమీ తెలీదన్నారు.

సుధారాణి

*

పనసమెట్ట,
14 అక్టోబరు

సుధా,

గారూ గీరూ నాకొద్దు. నెలరోజులు ఈ ఉత్తరం మనసులో రాసుకుంటూనే ఉన్నాను. నాలుగుసార్లు కాగితం మీద పెట్టి చింపీసాను.

ఆ శుక్రవారం వరలక్ష్మీ పూజ. పేరంటాలు వచ్చే వేళయింది, నేను పొయ్యి దగ్గర బూరెలు వేస్తున్నాను. అప్పన్న వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, మావగారు సంతకం పెట్టమన్నారు" అని పుస్తకం చాచాడు. చేతులకి పిండి ఉంది. కొంగుకి తుడుచుకున్నాను. పేజీ సగం ఖాళీగా ఉంది. వరండాలోకి వినబడేలాగ, "ఏటి మావయ్యా ఇది?" అన్నాను. "కుళాయిల గురించమ్మా" అన్నారు. అబద్ధం చెప్పలేదు కదా. కుళాయిల గురించే. సంతకం పెట్టీసి బూరెలు తియ్యడానికి వెళ్ళిపోయాను. పైన రాసింది తర్వాత రాసారు.

ప్రతిపాదించింది నేనని నీ ఉత్తరంలోనే చదివాను. ఇది నమ్ము, నమ్మకపో. కాని నా సంతకంతో పాలెం పోయిందని తెలిసి మూడేళ్ళయింది. ఆ కార్తీకంలోనే పెద్దతల్లి పెరటి గుమ్మం దగ్గరకొచ్చింది. "నువ్వు మా మెంబరువి కదమ్మా, కుళాయి నువ్వే ఒద్దన్నావంట, నిజమేనేటి?" అని అడిగింది. నేను కాదనలేదు, అవుననలేదు. పిల్లాడు ఏడుస్తున్నాడని లోపలికొచ్చీసాను. ఎవరూ ఏడవటం లేదు. మావయ్యని ఒక్కమాట అడిగాను, ఎందుకిలా చేసారని. "ఆ డెబ్బై ఇళ్ళ ఓట్లు ఏనాడూ మనవి కావు" అన్నారు. మళ్ళీ అడగలేదు. ఇదీ నేను దాచింది.

ఇప్పుడు నీ సంగతి. జులైలో దరఖాస్తు పెట్టించి, ఆగస్టులో నన్ను ఏమీ ఎరగనట్టు అడిగావు. అంటే నన్ను పరీక్ష పెట్టావు. నకలు వచ్చాక నన్నడగకుండా పాలెంలో చదివి వినిపించావు. ఇప్పుడు నేను దారిన వెళ్తుంటే అక్కడి ఆడవాళ్ళు మొహం తిప్పుకుంటున్నారు. భారతి చెప్తే తెలిసింది ఎందుకో. నువ్వు ఈ ఇంటి కూతురివి. కోపం వస్తే పలాస బస్సెక్కుతావు. నేను రాత్రికి వీళ్ళకే వండాలి.

మీ అన్నయ్య ఒకమాట అన్నాడు. అవతలి పార్టీవాళ్ళు నిన్ను పనసమెట్టలో నిలబెడతారని, అందుకే పాలెం ఓట్లు మళ్ళీ ఇటు లాగుతున్నావని. నిజం చెప్పు.

ఇంకోటి కూడా అడుగుతాను. 2021లో ఎనిమిదో వార్డుకి నామినేషను వేసినవాళ్ళం ఇద్దరం. నేను, బైరాగి. బైరాగి వెనక్కి తీసుకున్నాడు కాబట్టి నేను ఏకగ్రీవం. ఎవరి మాట మీద తీసుకున్నాడో నాకు తెలీదనుకున్నావా? ఆ రోజు మధ్యాహ్నం నువ్వు సైకిలు మీద పాలెం వెళ్ళి వచ్చావు. కాళ్ళకి ఇసక కూడా కడుక్కోకుండా మావయ్య దగ్గరికి వెళ్ళావు. నేను చూసాను.

నా మీద ఉత్తరం రాయడం సులువు. నీ మీద కూడా ఒకటి రాయి.

వసంత

*

టెక్కలి,
28 అక్టోబరు

వదినా,

రాస్తాను.

నాన్న నన్ను పిలిచి, "బైరాగి నీ మాట వింటాడు. వాడి కూతురికి నువ్వు చదువు చెప్పావు కదా" అన్నారు. వెళ్ళాను. బైరాగి వల అల్లుకుంటున్నాడు. పోటీ ఎందుకు, ఊరంతా ఒక్కటిగా ఉంటే పనులు తొందరగా అవుతాయి, మంచినీళ్ళ గొట్టం వస్తే మొదటి కుళాయి మీ వీధికే వేయిస్తారని చెప్పాను. "ఎవులు సెప్పినారు?" అని అడిగాడు. "నేను చెబుతున్నాను" అన్నాను. నాన్న ఆ మాట అనమనలేదు. నా అంతట నేనే అన్నాను. వల కింద పెట్టి, చొక్కా వేసుకుని, నా ముందే బయల్దేరాడు నామినేషను వెనక్కి తీసుకోడానికి.

ఇవన్నీ నీకు రాయకుండా పాలెం గురించి నీతులు రాశాను. ఇంకోటి కూడా దాచాను. నేను పటం పని మీద మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు బైరాగి మంచం మీద ఉన్నాడు. లేవలేదు. "ఈసారి ఏటి ఇత్తానని సెప్పడానికొచ్చినావమ్మా?" అన్నాడు. పెద్దతల్లి టీ ఇచ్చింది నిజమే. ఆ టీ నేను తాగలేకపోయాను. నీకు భారతి చెప్పింది తాగానని. అక్కడ చూసేవాళ్ళకి అలా కనిపించింది.

నిన్ను పరీక్షించానన్నావు. అవును. పరీక్షించాను. నువ్వు కాగితం గురించి నీ అంతట నువ్వు చెబితే, ఈ ఇంట్లో నేనొక్కదాన్నే తప్పు చేసినదాన్ని కాదని నాకు ఊరటగా ఉండేదేమో. నువ్వు చెప్పకపోతే నీ మీద కోపం పెట్టుకోవచ్చు. ఏదైనా నాకు లాభమే అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఎన్నికల మాట. అవతలివాళ్ళు ఒకసారి పలాస గదికి వచ్చి అడిగిన మాట వాస్తవం. కుదరదని పంపేశాను. సాక్ష్యం ఏమీ లేదు. నమ్మమని నిన్ను అడిగే మొహం కూడా ఇప్పుడు నాకు లేదు.

నీ ఉత్తరం చదివిన మర్నాడే మా సంస్థలో అంతా చెప్పేశాను. నాన్న ఎవరో వాళ్ళకి తెలుసు గానీ, నేను బైరాగికి ఇచ్చిన మాట తెలీదు. పనసమెట్ట పని నా చేతిలోంచి తీసేశారు. అది న్యాయమే. ఇప్పుడు టెక్కలిలో ఉండి నిమ్మాడ వైపు ఊళ్ళు చూస్తున్నాను. పాలెం పటం మాత్రం గున్నయ్యా, ఆడవాళ్ళూ పూర్తి చేశారు. నవంబరు పంతొమ్మిదిన మీ బడి ఆవరణలో ప్రత్యేక గ్రామసభ. మండలం నుంచి ఆఫీసరు వస్తారు. పటం అక్కడ పెడతారు. హద్దు గురించి ఆ వార్డు మెంబరుని అడిగి రాసుకుంటారు.

నేను రాను. నిన్ను అక్కడికి రమ్మని కూడా అడగను.

సుధ

*

పనసమెట్ట,
12 నవంబరు

సుధా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి దొరికింది. బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఈసారి చింపబుద్ధి కాలేదు. ఆయన నిలబడే చదివాడు. చివరిదాకా చదివాడు. నాకు తిరిగిచ్చి, "పంతొమ్మిదో తారీకు నువ్వు మీ అమ్మగారింటికి వెళ్ళు. పొద్దున్నే బస్సెక్కిస్తాను" అన్నాడు.

మావయ్యకి చెప్పాడో లేదో తెలీదు. ఇద్దరూ వరండాలో చాలాసేపు కూర్చుంటున్నారు. నేను వెళ్తే మాట మార్చీస్తున్నారు.

దీనికి జవాబు రాయకు.

వసంత

*

పనసమెట్ట,
2 డిసెంబరు

సుధా,

నీకు ఇప్పటికే భారతి ఫోన్‌లో చెప్పే ఉంటాది. అయినా నేను రాస్తాను. మధ్యలో ఒకళ్ళు చెప్పిన మాటలతో మనిద్దరం చాలా చెడిపోయాం.

పంతొమ్మిదిన పొద్దున్నే మీ అన్నయ్య నన్ను బస్సెక్కించాడు. పిల్లల్ని పంపలేదు, బడి ఉందని. బస్సు వజ్రపుకొత్తూరు చేరేదాకా కూర్చున్నాను. అక్కడ దిగిపోయాను. ఎందుకు దిగానో పెద్ద ఆలోచన ఏటీ లేదు. మా అమ్మ నన్ను చూడగానే, "ఎందుకొచ్చావు?" అని అడుగుతాది. దానికి ఏటి చెప్పాలో తోచలేదు. ఆటోలో వెనక్కి వచ్చీసాను.

నేను వెళ్ళేసరికి సభ సగమయింది. పాలెం ఆడవాళ్ళు ఒకవైపు నేల మీద కూర్చున్నారు. పటం బల్ల మీద పరిచి ఉంది. గున్నయ్య తాత కర్రతో చూపిస్తున్నాడు. మావయ్య ముందు కుర్చీలో ఉన్నారు. ఆఫీసరు, "ఎనిమిదో వార్డు మెంబరు వచ్చారా?" అంటే, మీ అన్నయ్య లేచి, "ఊర్లో లేదండి, పుట్టింటికి వెళ్ళింది" అన్నాడు. సరిగ్గా అప్పుడే నేను గేటు దగ్గర ఉన్నాను. అందరూ తిరిగి చూసారు. ఆయన మొహం చూడలేకపోయాను.

నాకు మాట్లాడటం రాదు. పటం ఉన్న బల్ల దాకా వెళ్ళాను. ఆఫీసరు, "మీ వార్డు ఎక్కడివరకమ్మా?" అని అడిగాడు. "సరుగుడు తోట దాటి, పాలెం దాటి, రేవు దారి దాకా" అన్నాను. "మరి ఈ తీర్మానం మీరే ప్రతిపాదించారు కదా" అన్నాడు. "సంతకం నాది. అప్పుడు పేజీ సగం ఖాళీ. చదవకుండా పెట్టాను. తర్వాత తెలిసి కూడా మూడేళ్ళు చెప్పలేదు. ఆ తప్పు ఎవరిదీ కాదు, నాదే" అన్నాను.

మావయ్య వెనక్కి తిరగకుండానే అన్నారు. "ఎవరో రాసిచ్చింది చెబుతోందండి. ఆవిడికేటి తెలుసు."

నేను ఆయన కుర్చీకేసి తిరిగాను. "ఎవరూ రాసివ్వలేదు మావయ్యా. ఎవరో రాసుకోబోయేదానికి సంతకం పెట్టింది అప్పుడు" అన్నాను.

నువ్వు ఊహించుకుంటున్నట్టు ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. బైరాగిని ఆసుపత్రి నుంచి అటే ఆటోలో తెచ్చారు. గోడకి ఆనుకుని కూర్చున్నాడు, చేతికి పట్టీ ఉంది. "ఇప్పుడు సెప్పినావు. బాగుంది. ఇన్నాల్లూ ఏటి సేసినావమ్మా?" అని అడిగాడు. పెద్దగా అనలేదు, మామూలుగా అడిగాడు. నిలబడే ఉన్నాను.

తీర్మానం రద్దు చేస్తున్నట్టు రాసారు. పటం మీద ఆఫీసరు సంతకం పెట్టాడు, గున్నయ్య తాత వేలిముద్ర వేసాడు, అప్పన్న ఒకసారి మావయ్యకేసి చూసి తనూ పెట్టాడు. నేను పైనుంచి కిందదాకా రెండుసార్లు చదివి పెట్టాను. గొట్టం పనికి మళ్ళీ అంచనాలు వెయ్యాలంట. ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో మావయ్య నాతో మాట్లాడటం లేదు. నేను వడ్డిస్తే తినరు. పిల్లదాని చేత పెట్టించుకుంటున్నారు. మీ అన్నయ్య నాలుగురోజులు బయటే తిన్నాడు. ఐదోరోజు వచ్చి పీటేసుకుని కూర్చున్నాడు. నేను వడ్డించాను, తిన్నాడు. ఈ ఇంట్లో ఏటవుతుందో చూడాలి. ఎన్నికల్లో మాత్రం నేను నిలబడను. ఆయన నిలబెట్టరు కూడా. నువ్వు నిలబడవన్నది నమ్మాలని ఉంది. ఇంకా పూర్తిగా నమ్మలేదు. కోప్పడకు.

నిన్న భారతితో కలిసి పాలెం వెళ్ళాను. నాలుగేళ్ళు పైబడింది మెంబరునై, ఆ ఇళ్ళ మధ్యకి వెళ్ళడం అదే మొదటిసారి. కొత్త పటంలో ఇంటి నంబర్లు సరిచూడాలి, అది మెంబరు పనేనని సెక్రటరీ అన్నాడు. మొదటి వరసలో మూడిళ్ళు తలుపులు తియ్యలేదు. లోపల టీవీ వినబడుతోంది. నాలుగో ఇల్లు అప్పలమ్మ అని ఒక ముసలామెది. తలుపు తీసి, నన్ను పైనుంచి కిందదాకా చూసి, "నువ్వేనేటి?" అంది. అవునన్నాను. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి చాచింది. బోరు నీళ్ళు. చుట్టుపక్కల అరుగుల మీద ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. పెద్దతల్లి కూడా ఉంది అందులో. నేను తాగుతానా, పక్కన పెడతానా అని చూస్తున్నారు.

తాగాను. మొత్తం తాగాను. ఉప్పగా, ఇనప రుచిగా ఉన్నాయి. చెంబు తిరిగిచ్చి నంబరు రాసుకున్నాను.

"రేపు రెండో వరసకి వస్తాను" అన్నాను.

అప్పలమ్మ చెంబు బోర్లించి, "సూద్దుంలే" అంది.

ఇప్పుడు బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం దారిలో నేనే పోస్టు డబ్బాలో వేస్తాను. నీ జవాబు ఇంటి చిరునామాకే రాయి.

వసంత